డింగీ సెయిలింగ్‌నే కెరీర్‌గా పెట్టుకోవాలంటే: ట్యాంక్‌బండ్ పక్కనుంచి మొదలుపెట్టి

సాయంత్రం పూట ట్యాంక్‌బండ్ మీద మొక్కజొన్న కంకి తింటూ నీళ్లవైపు చూస్తే బుద్ధుడి విగ్రహానికి అవతల తెల్లటి తెరచాపల చిన్న పడవలు, డింగీలు, అటూ ఇటూ తిరుగుతూ కనిపిస్తాయి కదా, వాటిని చూసి "ఎవరో డబ్బున్నోళ్ల సరదా" అనేవాడు మా నాన్న. అలాంటి మనిషి పన్నెండేళ్ల వయసులో నన్ను అక్కడ దింపి వెళ్లడానికి కారణం ఒక్కటే, వేసవి సెలవుల్లో నేను ఇంట్లో ఉంటే అమ్మకు తలనొప్పి. ఆ తర్వాత పదమూడేళ్లు పోటీల్లో తిరిగాను. దేశం జెర్సీ వేసుకునే దాకా వెళ్లలేదు, ఆ గుమ్మం దాకా వెళ్లి లోపల ఏముందో చూసి వచ్చాను. ఇప్పుడు శని ఆదివారాలు పిల్లలకు నేర్పిస్తున్నాను. వాళ్ల అమ్మానాన్నలు అడిగేది ఒకటే: "ఇందులో కెరీర్ ఉందా అండీ?"

ఉంది. అయితే ముందు ఒక పని చేయండి. ఒక నోట్‌బుక్ కొని, మొదటి పేజీలో ఈ ఏడాది ఎన్ని రోజులు నీళ్లమీద ఉన్నారో గీతలు గీస్తూ లెక్కపెట్టండి. జిమ్ లెక్క కాదు, వీడియోలు చూసింది లెక్క కాదు, పడవ నీళ్లలో ఉండి మీరు పడవలో ఉన్న రోజులే లెక్క. ఇంటర్ చదివిన రెండేళ్లూ కలిపి నావి 61 గీతలు. నాతోపాటు మొదలుపెట్టి తర్వాత సర్వీసెస్‌కు (ఆర్మీ, నేవీ) వెళ్లిన కుర్రాడికి ఒక్క ఏడాదిలోనే 200 దాటాయి. మా ఇద్దరి మధ్య తేడా ఎక్కడ వచ్చిందో వేరే ఎవరినీ అడగక్కర్లేదు. కింద రాసిన ప్రతి మెట్టూ ఆ గీతల సంఖ్య పెంచుకోవడం కోసమే.

మొదటి మెట్టు: ఈత, తర్వాత బోల్తా

ఈత రాకుండా క్లబ్బుకు రావద్దు. ఒలింపిక్ ఈత అక్కర్లేదు, లైఫ్‌జాకెట్ వేసుకుని బట్టలతో నీళ్లలో పడితే కంగారు పడకుండా పది నిమిషాలు ఉండగలగాలి, ఒక యాభై మీటర్లు కదలగలగాలి. అది వచ్చాక పడవను కావాలని బోల్తా కొట్టించడం నేర్చుకోండి. పిల్లలందరూ దీన్నే వాయిదా వేస్తారు, బోల్తా పడతామన్న భయం పోనంత కాలం గాలి పెరిగిన ప్రతిసారీ చేయి వణుకుతుంది, ఆ వణుకుతో టిల్లర్ (చుక్కాని కర్ర) పట్టుకుంటే పడవకు కూడా తెలిసిపోతుంది.

పద్ధతి ఇదీ. పడవను వదిలి ఎట్టి పరిస్థితుల్లోనూ ఈదుకుంటూ పోవద్దు, తల కన్నా పడవే దూరం నుంచి బాగా కనిపిస్తుంది. తెరచాపను లాగే మెయిన్‌షీట్ తాడు బిగుసుకుని లేకుండా చూసుకోండి. అడుగువైపుకు వెళ్లి నీళ్లలోంచి బయటికి పొడుచుకొచ్చిన డాగర్‌బోర్డ్ (పడవ అడుగున దిగే పలక) పట్టుకుని, దానిమీద బరువంతా వేసి, అంచు పట్టుకుని వెనక్కి వాలండి. తెరచాప నీళ్లలోంచి లేచేసరికి ముక్కు గాలివైపు ఉంటే మీ అదృష్టం, లేకపోతే పడవ లేచినట్టే లేచి మీమీదుగా అటువైపు పడుతుంది. అందరికీ అవుతుంది, నవ్వుకుని మళ్లీ మొదలుపెట్టండి. మన హుస్సేన్ సాగర్‌లో అదనంగా ఇంకో తంటా ఉంది. లోతు తక్కువ ఉన్నచోట పడవ పూర్తిగా తలకిందులైతే మాస్ట్ (తెరచాప స్తంభం) కొన బురదలో దిగబడిపోతుంది, అప్పుడు బలవంతంగా లాగితే మాస్ట్ వంగుతుంది కాబట్టి రెస్క్యూ బోటు వచ్చేదాకా ఆగడమే మంచిది. నోరు మూసుకుని ఆగండి. ఆ నీళ్ల సంగతి మీకు నేను చెప్పాలా?

రెండో మెట్టు: మీ బరువుకు తగ్గ పడవ

చిన్నపిల్లలైతే ఆప్టిమిస్ట్. ముక్కు చదునుగా తొట్టిలా ఉంటుంది, పొడవు 2.3 మీటర్లు, బరువు 35 కిలోలు. పదిహేనేళ్లు నిండిన సంవత్సరం డిసెంబర్ 31తో అందులో పోటీ చేసే అర్హత అయిపోతుంది. దాని తర్వాత మన దేశంలో ఎక్కువమంది వెళ్లేది లేజర్‌కు. ఇప్పుడు దాని అధికారిక పేరు ఐఎల్‌సీఏ, క్లబ్బుల్లో మాత్రం ఇంకా లేజర్ అనే అంటాం. ఇందులో పడవ ఒక్కటే, నాలుగు మీటర్ల పైచిలుకు పొడవు. మారేది తెరచాప, మాస్ట్ కింది భాగం. ఐఎల్‌సీఏ 4కి 4.7 చదరపు మీటర్ల తెరచాప, 6కి 5.76, 7కి 7.06. ఒలింపిక్స్‌లో ఆడవాళ్లు 6, మగవాళ్లు 7 నడుపుతారు.

ఇక్కడ తల్లిదండ్రులు చేసే పెద్ద తప్పు, పిల్లాడు ఎదుగుతున్నాడు కదా అని చెప్పుల సైజులాగా ఒక సైజు పెద్ద తెరచాప ఇవ్వడం. నలభై ఐదు కిలోల పిల్లాడు 6 తెరచాపతో గాలి ఎక్కువున్న రోజు చేసేది సెయిలింగ్ కాదు, ప్రాణాలు దక్కించుకోవడం. 7 నడిపేవాళ్లు సుమారు 80 కిలోల దగ్గర ఉంటారు, 6కి అరవై ఐదు డెబ్బై మధ్య ఉంటే సుఖం. ఎంత తిన్నా ఒళ్లు చేయనివాళ్లు ఇద్దరు నడిపే పడవలవైపు చూడండి. 470 అనే ఇద్దరి పడవలో ఇప్పుడు ఒక అమ్మాయి, ఒక అబ్బాయి కలిసి పోటీ చేస్తారు, పారిస్ ఒలింపిక్స్ నుంచి అలా మారింది. మన హైదరాబాద్ అమ్మాయి ప్రీతి కొంగర 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఆ 470 మిక్స్‌డ్‌లోనే దిగింది.

కొత్త పడవ మొదట్లోనే కొనకండి. రేటు లక్షల్లో ఉంటుంది. రెండేళ్లు క్లబ్బు పడవే నడపండి, తర్వాత కూడా సెకండ్‌హ్యాండ్ చాలు. కొనేటప్పుడు మాస్ట్ దిగే గుంటలో నీళ్లు పోసి పది నిమిషాలు చూడండి, మట్టం తగ్గితే ఆ పడవ వద్దు. నేను ఒకసారి ఈ పని చేయకుండా కొని, రెండో నెలలో రేసు మధ్యలో మాస్ట్ డెక్‌ను చీల్చుకుని ఊడొస్తుంటే చూశాను.

మూడో మెట్టు: గాలిని చదవడం

ఎక్కువసేపు చెప్పాల్సింది దీని గురించే. ఎందుకంటే లేజర్‌లో అందరి పడవా ఒకటే, తెరచాపా ఒకటే, డబ్బు పోసి వేగం కొనుక్కునే దారి తక్కువ. ముందున్నవాడు ముందెందుకున్నాడంటే గాలి మీకంటే ముందు వాడికి కనిపించింది కాబట్టి.

ఎదురుగాలికి పడవ తిన్నగా వెళ్లదు. సుమారు 45 డిగ్రీలు ఒక పక్కకు, మళ్లీ టాక్ కొట్టి (ముక్కును గాలిమీదుగా తిప్పి) 45 డిగ్రీలు ఇంకో పక్కకు, ఘాట్ రోడ్డు ఎక్కినట్టు మలుపులు తిరుగుతూ పైన మార్క్ (చుట్టి రావాల్సిన తేలే గుర్తు) చేరాలి. గాలి ఎప్పుడూ ఒకే దిక్కు నుంచి రాదు. అది కాస్త పక్కకు తిరిగినప్పుడు మీ పడవ ముక్కు మార్క్ వైపుకు జరిగితే అది లిఫ్ట్, మాట్లాడకుండా అలాగే పోండి. ముక్కు మార్క్ నుంచి దూరంగా జరిగిపోతుంటే హెడర్, అప్పుడు టాక్ కొట్టండి, అవతలి పక్కన అదే గాలి మీకు లిఫ్ట్ అవుతుంది. సూత్రం ఇంతే, రెండు వాక్యాలు. దాన్ని తెరచాప కొట్టుకుంటున్న చప్పుడులో, పక్కన నలుగురు అరుస్తుండగా, సెకన్లలో తేల్చుకోవడానికి ఆ నోట్‌బుక్‌లో కొన్ని వందల గీతలు పడాలి.

హుస్సేన్ సాగర్ ఈ చదువుకు మంచి బడి. చుట్టూ బిల్డింగులు, ఒకవైపు కొత్త సెక్రటేరియట్, అవతల నెక్లెస్ రోడ్డు చెట్లు, మధ్యలో విగ్రహం, వీటన్నిటినీ తప్పించుకుని వచ్చేసరికి గాలి ముక్కలు ముక్కలై వస్తుంది, ఇక్కడ జోరు, అక్కడ చచ్చిపోయి ఉంటుంది. సముద్రం మీద నేర్చుకున్న ముంబై, చెన్నై వాళ్లు జులైలో ఇక్కడి రెగట్టాలకు (సెయిలింగ్ పోటీలకు) వచ్చి మొదటి రోజు తలపట్టుకోవడం మాకు ఏటా ఒక చిన్న ఆనందం. నీళ్లమీద నల్లగా ముడతలు పడ్డట్టు కనిపించే చోటు గాలి బలంగా ఉన్నట్టు, అది మీ దగ్గరికి ఎన్ని సెకన్లలో వస్తుందో మనసులో లెక్కపెట్టడం అలవాటు చేసుకోండి. సంజీవయ్య పార్కులో ఉన్న 291 అడుగుల జెండాను చూసి గాలి దిక్కు చెప్పేసే కొత్త పిల్లలుంటారు. జెండా ఎగిరేది అక్కడ, మీ తెరచాప ఉండేది ఇక్కడ కింద. రెండు గాలులూ చాలాసార్లు ఒకటి కావు. అగరుబత్తి పొగ, గట్టున ఆరేసిన బట్టలు, ముందు వెళ్తున్న పడవ వాలు, వీటిని నమ్మండి.

గాలి పెరిగితే ఏం చేయాలంటే, ముందు బయటికి వాలండి. కాళ్లు పట్టీ కింద పెట్టి ఒళ్లంతా పడవ అంచు అవతల వేలాడదీయడాన్ని హైకింగ్ అంటాం. తొడలు మండిపోతాయి. గోడకు వీపు ఆనించి కుర్చీ లేకుండా కూర్చునే శిక్ష బడిలో వేసేవాళ్లు కదా, అది రోజూ చేయండి, మూడు నిమిషాలు దాటేదాకా. అలా వాలినా పడవ పక్కకు ఒరుగుతుంటే తెరచాపను చదును చేసే తాళ్లు రెండున్నాయి, వాంగ్ బిగించండి, కన్నింగ్‌హామ్ లాగండి, మెయిన్‌షీట్ కాస్త వదలండి. ఒరిగిన పడవ వేగంగా వెళ్తున్నట్టు కనిపిస్తుంది, వెళ్లదు. నిటారుగా ఉంచాలి.

నాలుగో మెట్టు: రూల్స్ పుస్తకం, స్టార్ట్

ప్రపంచ సెయిలింగ్ సంఘం వరల్డ్ సెయిలింగ్ వాళ్లు రూల్స్ నాలుగేళ్లకోసారి మారుస్తారు, ఇప్పుడున్నవి 2025 నుంచి 2028 దాకా. మొత్తం బట్టీ పట్టక్కర్లేదు, మొదట మూడు చాలు. గాలి మీ కుడివైపు నుంచి తగులుతుంటే మీరు స్టార్‌బోర్డ్, ఎడమనుంచి తగిలేవాడు పోర్ట్, పోర్ట్ వాడే తప్పుకోవాలి. ఇద్దరూ ఒకే టాక్‌లో, అంటే గాలి ఒకే పక్కనుంచి తగులుతూ, పక్కపక్కనే ఉంటే గాలివైపు ఉన్నవాడు తప్పుకోవాలి. వెనకనుంచి వచ్చేవాడు ముందువాడికి అడ్డం రాకూడదు. తప్పు చేశారని మీకే తెలిస్తే వెంటనే పక్కకెళ్లి రెండు చుట్లు తిరిగేయండి, మార్క్‌ను తాకితే ఒక చుట్టు. అవతలివాడు తప్పు చేసి తిరగకపోతే "ప్రొటెస్ట్" అని గట్టిగా అరవండి. ఆరు మీటర్లలోపు పడవలకు ఎర్రజెండా చూపించక్కర్లేదు, అరుపు మాత్రం తప్పనిసరి. మన పిల్లలు ఇక్కడే మొహమాటపడతారు. అవతల పెద్ద క్లబ్బు అబ్బాయి గట్టిగా ఇంగ్లీషులో ఏదో అరిస్తే రూల్ తమవైపు ఉన్నా పక్కకు తప్పుకుంటారు. నేనూ తప్పుకున్నాను, ఒక నేషనల్స్‌లో రెండుసార్లు. ప్రొటెస్ట్ మీద విచారణ జరిగే హియరింగ్ గదిలో ఏం చెప్పాలో ఇంటిదగ్గరే ఉప్పుడబ్బా, అగ్గిపెట్టెలు పడవల్లా బల్లమీద పెట్టి ఇంగ్లీషులో ప్రాక్టీస్ చేయండి.

గాలి లేనప్పుడు పడవను ఊపి, తెరచాపను విసనకర్రలా కొట్టి ముందుకు తోసుకోవడం కూడా నిషేధం, అది 42వ రూల్. జడ్జి పసుపు జెండా చూపించి విజిల్ వేస్తే మొదటిసారి రెండు చుట్లు, రెండోసారి ఆ రేసు వదిలేసుకోవాలి.

స్టార్ట్ ఐదు నిమిషాల తంతు. సున్నాకి ఐదు నిమిషాల ముందు క్లాస్ జెండా (మీ పడవ రకం జెండా) లేస్తుంది, నాలుగుకు ప్రిపరేటరీ (సిద్ధం కమ్మనే) జెండా, ఒక నిమిషం ఉందనగా అది దిగుతుంది, సున్నాకి క్లాస్ జెండా దిగితే బయలుదేరాలి. అంతకుముందే చేయాల్సినవి రెండున్నాయి. రేసు మొదలయ్యే గీత మధ్యలోకి వెళ్లి పడవ ముక్కు తిన్నగా గాలిలోకి పెట్టి చూడండి, ముక్కు గీత ఏ చివరవైపు వాలితే ఆ చివరే లాభం. రెండోది, గీత చివరి బోయకు (తేలే గుర్తుకు) తిన్నగా గట్టుమీద ఏదో ఒక గుర్తు పెట్టుకోండి, స్తంభమో గుడి గోపురమో. కిటకిటలో గీత ఎక్కడుందో ఆ గుర్తే చెబుతుంది. నల్లజెండా ఉన్న స్టార్ట్‌లో మాత్రం చివరి నిమిషంలో గీత దాటి దొరికితే విచారణ కూడా ఉండదు, ఆ రేసు పోయినట్టే.

ఐదో మెట్టు: గెలవడం కాదు, పాయింట్లు

ఇందులో మొదటి స్థానానికి 1 పాయింటు, పదో స్థానానికి 10. ఎవరికి తక్కువైతే వాళ్లే గెలిచినట్టు. సాధారణంగా ఒక చెత్త రేసును లెక్కలోంచి తీసేస్తారు. ఒక లెక్క చూడండి. నలభై పడవలు, ఆరు రేసులు అనుకుందాం. ఒకడు 4, 5, 6, 4, 7, 5 తెచ్చుకున్నాడు, ఏడు తీసేస్తే 24. ఇంకొకడు రెండు రేసులు గెలిచాడు, ఒకదాంట్లో రెండో స్థానం, మిగతావి 12, 15, ఒక స్టార్ట్‌లో గీత ముందే దాటి 41. ఆ 41 తీసేసినా 31. ఒక్క రేసూ గెలవని మొదటివాడు పతకం పట్టుకుని ఇంటికి పోతాడు. మా నాన్నకు ఈ లెక్క అర్థమయ్యాకే ఆటమీద గౌరవం వచ్చింది, చిట్‌ఫండ్ మనిషి కదా.

కాబట్టి గాలివాటంగా ఒక మూలకు పరుగెత్తి అదృష్టం పరీక్షించుకోవద్దు. ఒక రేసు చెడిపోయిందని తెలిశాక కూడా ముప్పయ్యో స్థానాన్ని ఇరవై రెండుకు తెచ్చుకోవడానికి కొట్లాడండి, ఆ ఎనిమిది పాయింట్లు చివరి రోజు పనికొస్తాయి.

ఆరో మెట్టు: ఎవరు డబ్బు పెడతారు

ఇదొక్కటీ మర్యాద లేకుండా చెప్పేస్తాను. మన దేశంలో ఈ ఆటను కెరీర్‌గా చేసుకున్నవాళ్లలో ఎక్కువమంది జీతం ఆర్మీ లేదా నేవీ ఇస్తుంది. టోక్యో ఒలింపిక్స్‌లోనూ పారిస్‌లోనూ ఐఎల్‌సీఏ 7 నడిపిన విష్ణు శరవణన్ ఆర్మీ మనిషి, టోక్యోలో 20వ స్థానం, పారిస్‌లో 18, హాంగ్‌ఝౌలో కాంస్యం. ముంబైలో ఆర్మీ శిక్షణ కేంద్రం యాటింగ్ నోడ్, గోవాలో నేవీ శిక్షణ ఉన్నాయి. చిన్నపిల్లల్ని తీసుకుని చదువూ ఆటా రెండూ చూసుకునే ఆర్మీ, నేవీల బాయ్స్ స్పోర్ట్స్ కంపెనీలు కూడా ఉన్నాయి. వయసు దాటితే ఆ తలుపు మూసుకుంటుంది, అందుకే పదో తరగతి దాకా ఆగకుండా ముందే కనుక్కోండి. ఏడాదికి 200 గీతలు పడేది అలాంటి చోటే.

రెండో దారి ప్రభుత్వ అకాడమీ. మధ్యప్రదేశ్‌లో ఒక రైతు కూతురు నేహా ఠాకూర్ భోపాల్‌లోని నేషనల్ సెయిలింగ్ స్కూల్‌లో నేర్చుకుని పదిహేడేళ్లకే హాంగ్‌ఝౌలో ఐఎల్‌సీఏ 4లో వెండి తెచ్చింది. సముద్రం లేని రాష్ట్రం, చెరువు నీళ్ల చదువు, మనకు సాకులేమీ మిగల్లేదు. హైదరాబాద్‌లో యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ సర్కారు బడి పిల్లల్ని తీసుకుని నేర్పిస్తోంది, ఫీజు కట్టలేని ఇంటివాళ్లు మొదట అక్కడ అడగండి.

మూడోది సొంత డబ్బు, స్పాన్సర్లు. చెన్నై అమ్మాయి నేత్రా కుమనన్ ఇంజనీరింగ్ చదువుతూనే స్పెయిన్‌లోని గ్రాన్ కనారియాకు వెళ్లి శిక్షణ తీసుకుంది, 2021లో సెయిలింగ్‌లో ఒలింపిక్స్‌కు అర్హత సాధించిన తొలి భారత మహిళ అయింది. టోక్యోలో 35, పారిస్‌లో 21. అక్కడి నీళ్లలో ఏడాది పొడవునా గాలి, పక్కన ప్రపంచ స్థాయి వాళ్లు. అక్కడ పది రోజులు ఇక్కడి నెలతో సమానమంటే అతిశయోక్తి కాదు. ఇంట్లో ఇల్లు తాకట్టు పెట్టి పంపే ఆలోచన ఉంటే మాత్రం, ముందు దేశంలో మొదటి ఐదుగురిలో రెండేళ్లు వరసగా ఉండి చూపించండి. ఆ తర్వాతే.

ఏడో మెట్టు: బయటి రేసులు

మొదటిసారి యూరప్ వెళ్తే స్టార్ట్ గీత మీద ఊపిరాడదు. ఇక్కడ ఇరవై ముప్పై పడవలతో తిరిగినవాళ్లకు అక్కడ వందకు పైగా ఎంట్రీలు, వాటిని గుంపులుగా చేసి రెండు మూడు రోజులు నడిపి తర్వాత మెరుగైనవాళ్లను గోల్డ్ గుంపు, మిగతావాళ్లను సిల్వర్ గుంపు అని విడగొడతారు. మొదటి ఏడాది లక్ష్యం పతకం కాదు, గోల్డ్ గుంపులో పడటమే. వసంతంలో స్పెయిన్‌లో పాల్మా, తర్వాత ఫ్రాన్స్‌లో హ్యేర్, జూన్‌లో జర్మనీలో కీల్, ఈ వరసలో ఒకటో రెండో ఎంచుకోండి, అన్నిటికీ తిరిగితే డబ్బూ గీతలూ రెండూ రోడ్డుమీదే పోతాయి. పడవ అక్కడే అద్దెకు తీసుకోవాలి. సొంత తెరచాప, టిల్లర్, తాళ్లు మీతో పట్టుకెళ్లండి, తాడు మందం మారినా చేతికి తేడా తెలుస్తుంది. అద్దె పడవ తీసుకోగానే ప్రతి గీటు, ప్రతి పగులు ఫోటో తీసి పెట్టుకోండి. ఒకచోట నేను చేయని పగులుకు నా డిపాజిట్ మొత్తం ఉంచేసుకున్నారు, ఫోటో లేదు, నోరు మూసుకుని వచ్చేశాను. షెంగెన్ వీసా అపాయింట్‌మెంట్ మూడు నెలల ముందే చూసుకోండి, రేసు కన్నా దీనికే టెన్షన్ ఎక్కువ.

ఇంకో చేదు సంగతి. ఒలింపిక్స్‌కు ఒక్కో విభాగంలో దేశానికి ఒక్క పడవే. ఆసియా క్రీడల్లోనూ అంతే. మీరు ఆసియాలో ఎనిమిదో స్థాయిలో ఉన్నా మన దేశంలోనే ఒకడు ఏడో స్థాయిలో ఉంటే మీరు గట్టున కూర్చోవాల్సిందే. ఆ ఒక్కడే మీ ట్రైనింగ్ పార్ట్‌నర్ కూడా అవుతాడు, ఎందుకంటే మీ వేగానికి సరిపోయేవాడు దేశంలో వాడొక్కడే. వాడితో గొడవ పెట్టుకోకండి.

చదువు, ఆపడం

ఇంటర్ విషయంలో మీ ఇంట్లో ఏం జరుగుతుందో నాకు తెలుసు, మా ఇంట్లోనూ అదే జరిగింది. కార్పొరేట్ కాలేజీ హాస్టల్‌లో వేస్తే రెండేళ్లు నోట్‌బుక్ ఖాళీ. డే స్కాలర్‌గా ఉండే కాలేజీ చూడండి, ఉదయం ఐదున్నరకు నీళ్లమీదకు వెళ్లి తొమ్మిదికి క్లాసులో ఉండొచ్చు, గాలి తక్కువైనా టాక్‌లు, జైబ్‌లు (గాలి వెనకనుంచి ఉండగా తిరిగే మలుపులు) వంద కొట్టొచ్చు. ప్రతి సర్టిఫికెట్ ఒరిజినల్ లామినేషన్ చేయకుండా ఫైల్లో పెట్టండి, స్పోర్ట్స్ కోటాకు వెళ్లినప్పుడు వెనకాల సంతకాలు, ముద్రలు చూస్తారు.

ఇరవై రెండు, ఇరవై మూడు దగ్గర ఒకసారి నోట్‌బుక్ తెరిచి కూర్చోండి. గీతలు ఏటా పెరుగుతున్నాయి, స్థానాలు మెరుగవుతున్నాయి అంటే ఇంకో నాలుగేళ్లు ఇవ్వండి. గీతలు పెరిగినా స్థానాలు కదలట్లేదంటే కోచ్‌ను మార్చి ఒక్క ఏడాది చూడండి. గీతలే తగ్గుతున్నాయంటే నిర్ణయం మీరు ఎప్పుడో తీసేసుకున్నారు, ఇంట్లో చెప్పడమే మిగిలింది. నాకు ఇరవై అయిదో ఏట మూడోది జరిగింది. పడవ అమ్మేశాను, కొన్నవాళ్లది విశాఖ, లారీ ఎక్కించేటప్పుడు మాస్ట్ దిగే గుంటలో నీళ్లు పోసి చూపించాను. ఆ తర్వాత కోచింగ్ సర్టిఫికెట్ తీసుకున్నాను. రేస్ ఆఫీసర్‌గా, జడ్జిగా కూడా పరీక్షలు రాసి వెళ్లొచ్చు, దేశంలో వాళ్ల కొరత ఉంది. వచ్చే ఆదివారం ఉదయం ఆరుకు వస్తే గట్టుమీదే ఉంటాను, పాత టీషర్టు, తాళ్లున్న చెప్పులు, ఒక జత పొడిబట్టలు తెచ్చుకోండి. ఫోన్ ఇంట్లో వదిలేసి రండి.